మంగళంలో లేని పేరు

పొద్దున లేచి వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, పొయ్యి రాజేశాక నా మొదటి పని సిరా కలపడం. రెండు సిరా బిళ్ళలు గోరువెచ్చని నీళ్ళలో వేసి, పుల్లతో తిప్పి, పాత పంచె గుడ్డలో వడగట్టేదాన్ని. మడ్డి మిగిలితే పాళీకి అడ్డం పడుతుందని ఆయన విసుక్కునేవారు. బుడ్డి నిండాక, ముందురోజు కత్తిరించి పెట్టిన కాగితాలను మడిచి, దబ్బనంతో నాలుగు పోట్లు పొడిచి, దారంతో కుట్టి, పైన అట్ట వేసేదాన్ని. ఈ రెండు పనులూ అయ్యేసరికి ఆయన స్నానం చేసి వచ్చి తూర్పు మూల ఈతచాప మీద కూర్చునేవారు. ఒళ్ళో పీట, పీట మీద కాగితం. ఆ తరువాతే మా ఇంట్లో కాఫీ.

ఇప్పుడు కూడా నీళ్ళు కాగుతాయి. చెయ్యి దానంతటదే గూట్లో బుడ్డి కోసం పోతుంది. బుడ్డి అడుగున సిరా ఎండి, చెరువు ఎండినప్పుడు రేగడి పగిలినట్టు పగిలి ఉంటుంది. ఏడు నెలలైంది. చేతికి ఇంకా తెలియదు.

ఆయన నాటకాలు రాసేవారు. రాయదుర్గంలో ఈ మాట చెబితే మొదట నవ్వేవాళ్ళు. సేద్యం ఉండి రాసేవాళ్ళున్నారు, బడిపంతులు పని ఉండి రాసేవాళ్ళున్నారు గాని, రాతే పనిగా బతికేది ఈయనొక్కరే. మా పెళ్ళినాటికి సెనగకాయల మిల్లులో గుమాస్తా. విజయ నామ సంవత్సరంలో, అప్పటికి వరసగా మూడేండ్లు వానల్లేవు, గుమ్మఘట్ట దిక్కున ఒక ఊరివాళ్ళు బండి కట్టుకుని వచ్చారు. వానొచ్చేదానికి ఒక నాటకం కావాలన్నారు. దేవుళ్ళవి ఆడి ఆడి అలిసిపోయినామప్పా, ఏదైనా కొత్తది రాయి, దేవుడు కూడా విని ఉండకూడదు అన్నారు. అట్లా పుట్టింది హగరి కల్యాణం. మా హగరి ఏరు ఒక ఆడపిల్ల అయినట్టు, ఆమెను ఎండిన సీమను ఏలే రాజుకు ఇచ్చి చేసినట్టు, ఏరు అత్తింటికి రాకుండా ఇసుకలో దాక్కున్నట్టు కథ. ఆడిన మూడోనాడు వాన పడింది. పడిందో, పడేది ఉండి పడిందో నాకు తెలియదు. ఆ ఊరివాళ్ళు మాత్రం నాటకమే తెచ్చిందన్నారు. పక్క ఊరి వాళ్ళు విన్నారు. మరుసటి ఏడు ఆయన మిల్లు మానేశారు.

ఏ ఊరివాళ్ళు వచ్చినా ఆయన మొదట అడిగేది కథ గురించి కాదు. మీ ఊర్లో గొంతు ఎవరికుంది, ఎత్తు ఎవరున్నారు, ఆడవేషానికి సిగ్గుపడకుండా ఎవరు మీసం తీస్తారు అని అడిగేవారు. ఉన్న మనుషుల కొలతకు నాటకం కత్తిరించేవారు. కన్నడం మాట్లాడే ఊరైతే హాస్యగాడికి కన్నడం. ఒక ఊర్లో కుళ్ళాయప్ప అనే ఆసామి రాజు వేషం తనకే కావాలని పట్టుపట్టాడు. ఆయనకు నత్తి. ఊరివాళ్ళు తల పట్టుకున్నారు.

"రాజు అనేసరికే తెల్లారిపోతాదప్పా," అన్నారు.

ఈయన మాత్రం కుళ్ళాయప్పను ఒక పాట పాడమన్నారు. పాటలో నత్తి లేదు. అంతే, ఆ ఊరి ప్రతిలో రాజుకు ఒక్క వచనం లేకుండా, పొమ్మన్నా రమ్మన్నా పద్యంలోనే అనేటట్టు రాశారు. ఆ రాజును చూడటానికి పది ఊళ్ళ జనం వచ్చారు.

మా దిక్కున నాటకం మొత్తం ఒక పుస్తకంగా ఎవరికీ ఇవ్వరు. రాజుకు రాజు మాటల పుస్తకం, హగరికి హగరి పుస్తకం, ఇట్లా వేషానికొకటి. ఎదుటివాడి చివరి మాట ఒకటి పైన రాసి ఉంటుంది, అది వినగానే తన మాట అందుకోవాలి. ఆ పుస్తకాలన్నీ నేను కుట్టినవే. ముడి లోపలికి వేసేదాన్ని. బయటికి వేస్తే వేషగాళ్ళు పాఠం మరిచిపోయినప్పుడల్లా దాన్ని పీకుతూ కూర్చుంటారు. అట్టలకు మిల్లువాళ్ళు ఏటేటా పంచే గోడ క్యాలెండరు వాడేదాన్ని. ఏడు తిరగగానే దాన్ని దించి, నెలకొక కాగితం చొప్పున పన్నెండు అట్టలు చేసేదాన్ని. డబ్బు పెట్టి అట్టలు కొనేంత ఇల్లు కాదు మాది.

మూడో తరగతి దాకా చదివాను. రాసినదాన్ని కూడబలుక్కుని చదివేదాన్ని. ఆయన వింటూ, నా నోరు ఎక్కడ తడబడితే అక్కడ మాట మార్చేవారు. "నీ నోటికి రానిది వేషగాని నోటికి యాడ వస్తాది?" అనేవారు. బిడ్డలు లేని ఇంట్లో మా ఇద్దరి మధ్య ఆ పుస్తకాలే తిరిగేవి.

ఆయన చేసిన తప్పు ఒకటుంది. నాటకం చివర మంగళం పాడతారు. రాసినవాళ్ళు అందులో తమ పేరు కట్టుకుంటారు. ఈయన కట్టలేదు. వాన కోసం ఆడే నాటకం గనక, ఏ ఊరు ఆడిస్తే ఆ ఊరి పేరు, ఆ ఊరి పెద్ద పేరు మంగళంలో పెట్టేవారు. ప్రతి ఊరికీ మంగళం మార్చి రాసేవారు.

"మీ పేరెక్కడ?" అని నేను ఒకసారి అడిగాను.

"వానకు యాడ పడల్లో తెలియాల గదే. నా పేరు పెడితే అది మన మిద్దె మీద పడి పోతాది. చౌడు మోయలేక నువ్వే సస్తావు," అన్నారు.

మాది మట్టిమిద్దె. ఏటా వానలకు ముందు చౌడుమన్ను తెచ్చి పైన పరిచి తొక్కితేనే నీళ్ళు లోపలికి దిగవు. నేను కింద గంపలకెత్తి అందిస్తే ఆయన పైన పరిచేవారు. ఆ మాట అన్నది కూడా పైనుంచే. నవ్వుకున్నాం. పది ఊళ్ళకు పది మంగళాలు రాశారు. ఒక్కదానిలోనూ ఆయన లేరు.

తొమ్మిదేండ్లకు, శుభకృత్తులో, రాయదుర్గం తేరునాడు, పుస్తకాలు పరిచిన అంగడి ముందు ఆయన ఆగిపోయారు. నేను గాజులు బేరం చేస్తున్నాను. తిరిగి చూస్తే చేతిలో పచ్చ అట్ట పుస్తకం. పైన హగరి కల్యాణం అని ఉంది. కింద రచన అని పెట్టి, దాన్ని అచ్చువేసిన పుస్తకాల షాపు యజమాని పేరు ఉంది. ఆయన తన పుస్తకాన్ని తానే కొనుక్కున్నారు. ఇంటికి వచ్చాం. చాప మీద కూర్చుని ఆ చివరినుంచి ఈ చివరిదాకా చదివి, "తప్పుల్లేకుండా అచ్చేసినాడు," అన్నారు.

అది ఎట్లా పోయిందో తెలుసుకోవడం కష్టం కాలేదు. హార్మోనియం వాయించే ఈరప్ప మరుసటి వారం తానే వచ్చి గడప బయటే నిలబడ్డాడు. అతను ఊరూరా నాటకం నేర్పే మనిషి, మా ఇంట్లో తిన్న మనిషి.

"వదినా, అన్న ఉండాడా?"

"ఉండాడులే, లోపలికి రా," అన్నారు ఈయన చాప మీద నుంచి.

"రాను. చెప్పి పోతా. కుళ్ళాయప్ప ఊరి పుస్తకాలన్నీ చేర్చి నేనే ఒక నకలు రాసుకున్న్యా. నేర్పేదానికి సులువవుతాదని. ఆ షాపాయప్ప చూసిస్తానని తీసుకున్న్యాడు. అచ్చయితే నీ పేరు నాలుగూర్లకు పోతాది గదా అనుకున్న్యా, అన్నా. మంగళంలో నీ పేరే లేదని నాకు గుర్తుకే రాలే."

"నాకే గుర్తుకు రాలేదు పో, నీకేం వస్తాది. కూర్చో. నీళ్ళు తాగు."

ఈరప్ప కూర్చోలేదు.

ఈయన ఆ షాపుకు పోయి అడిగారు. "నీ పేరు ఇందులో యాడుండాదో చూపించప్పా," అన్నాడట షాపాయన. చూపించడానికి లేదు. అక్కడికీ సరిపెట్టుకునేవారేమో. కానీ ఆ ఏడు మార్గశిరంలో, మొదట బండి కట్టుకుని వచ్చిన ఊరివాళ్ళే, సంతలో ఎదురై అడిగారు.

"ఏమప్పా ఓబుళేసూ, ఆయప్ప పుస్తకం నువ్వు కాపీ కొట్టి ఇన్నాళ్ళు మాకు ఇస్తాంటివంట?"

ఎగతాళికి అన్నారో, నిజంగానే అడిగారో. ఆయన సంతలోంచి నేరుగా ఇంటికి వచ్చారు. ఆ మరుసటి రోజు నేను సిరా కలిపాను. బుడ్డి మూత తీయలేదు. ఆ తరువాత కూడా నేను కలుపుతూనే ఉన్నాను, మూడు రోజులకొకసారి పారబోసి మళ్ళీ కలిపాను. కాగితాలు కుట్టి పెట్టాను. ఆయన వాటిని ఒకదాని మీద ఒకటి సర్ది, మళ్ళీ సర్దేవారు. దొంగ అన్న మాటకు ఆయన దగ్గర పద్యం లేదు.

అనంతపురంలో నాటకాలు రాసేవాళ్ళకు ఒక సంఘం ఉందని ఈరప్పే తెలుసుకుని వచ్చి చెప్పాడు. ఈయన కల్యాణదుర్గం మీదుగా పోయే బస్సెక్కి పోయి చేరారు. కార్యదర్శి ముత్యాలప్ప గారు. ఒక అచ్చాఫీసులో తప్పులు దిద్దే పని ఆయనది. ఆ అచ్చాఫీసు మిద్దె మీది గదే సంఘం. తిరిగి వచ్చిన రోజు ఈయన చాలా రోజుల తరువాత అన్నంలోకి ఇంకొంత చారు అడిగారు.

"ఏమన్నారు?" అన్నాను.

"పుస్తకం అమ్ముకున్నా పేరు అమ్ముకున్నట్టు కాదంట. చట్టమే ఉండాదంట. రాసినోని పేరు తీసేసే హక్కు ఎవనికీ లేదంట."

"అయితే ఇంకేం."

"నేనే రాసినానని నేను చూపించల్ల. ఊర్లకు పోయి వేషాల పుస్తకాలు అడిగి తెమ్మన్నాడు."

"తెండి మరి."

"ఇచ్చింది వెనక్కి అడిగేదెట్లనే?" అన్నారు.

పోలేదు. సంఘం ఆ షాపుకు మూడు జాబులు రాసింది. ఒక్కదానికీ బదులు రాలేదు. సాక్ష్యం వస్తే తప్ప నాలుగోది రాయలేమని ముత్యాలప్ప గారు కార్డు రాశారు. ఆ కార్డు గూట్లో ఉండగానే, మరుసటి ఏడు శోభకృత్తు కార్తీకంలో ఆయన పోయారు. గుండెలో నొప్పి అని మధ్యాహ్నం పడుకున్నారు. నేను మంచినీళ్ళు తెచ్చేసరికి చెయ్యి చాప మీద నుంచి జారి ఉంది.

పదకొండో రోజు కూడా అయిపోయాక ఇల్లు ఎంత పెద్దదో తెలిసింది. అంతకు ముందు ఇరుకని గొణిగేదాన్ని. పక్కింటి సిద్దమ్మక్క పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గోడ మీద నుంచి, "మే, తిన్న్యావా?" అని అడిగేది. తిన్నానని చెప్పేదాన్ని. రోజంతటిలో నేను మాట్లాడే మాట అదొక్కటే అయిన రోజులున్నాయి.

పుష్యంలో కార్డు వచ్చింది. శ్రీమతి హనుమంతమ్మ గారికి అని పైన. నా పేరు మీద ఉత్తరం రావడం అదే మొదలు. ముత్యాలప్ప గారు రెండు ముక్కలు రాశారు. మీ ఆయన సంఘంలో సభ్యుడుగానే పోయారు గనక ఆ పని సంఘం పనిగానే ఉంది. రాసిన మనిషి హక్కు మనిషితో పోదు, ఇప్పుడది మీది, మీరు కావాలంటే అడుగుతాం, వద్దంటే మానుకుంటాం.

రెండు రోజులు ఆ కార్డు వంటింట్లో, నడిమింట్లో, కొంగున పెట్టుకుని తిరిగాను. నాకేమీ వద్దు అనిపించింది. మూడో రోజు నీళ్ళకు పోయినప్పుడు బావి కాడ ఎవరో ఆడవాళ్ళు, "ఎవరామె, ఆ కాపీ నాటకాలాయప్ప పెండ్లామా?" అని గుసగుసలాడుకోవడం విన్నాను. బిందె సగం నిండగానే ఎత్తుకుని వచ్చాను. దొంగ అనిపించుకుని పోయిన మనిషికి నేను తప్ప ఎవరూ లేరు. ఈరప్పను పిలిపించాను.

"అడిగి తెద్దాం పా," అన్నాను.

"అన్న అడగలేడని ఊర్కున్న్యాడు గదా వదినా."

"ఆయన ఇచ్చినారు గనక అడగలేకపోయినారు. నేను కుట్టినదాన్ని. నేను అడుగుతా."

ఆరు ఊళ్ళు తిరిగాం. బస్సు పోయినంత దూరం బస్సు, తరువాత నడక. చెట్టు లేని దారి, ఎర్రటి గుండ్రాళ్ళు, ఎండకు కళ్ళు మూతలు పడేవి. మాఘంలోనే చెరువులు అడుగు కనిపిస్తున్నాయి. కొందరు వెంటనే ఇచ్చారు. ఒక ఊర్లో హగరి వేషం వేసే ఆసామి పుస్తకాన్ని దేవుని గూట్లో పెట్టి పసుపు కుంకుమ పూస్తున్నాడు. ఆడిన ఏడు వాన పడిందట.

"అది పోతే వాన పోతాదమ్మా," అన్నాడు.

"మళ్ళా నేనే తెచ్చిస్తా, అన్నా. కావాలంటే కొత్త అట్ట వేసిస్తా."

"కొత్తదొద్దు. ఇదే తే." ఎర్రగుడ్డలో చుట్టి ఇచ్చి, మేము ఊరు దాటేదాకా వాకిట్లో నిలబడి చూశాడు.

కుళ్ళాయప్ప ముసలివాడైపోయాడు. నన్ను చూసి మాట్లాడబోయి, మాట రాక, చెయ్యూపి కూర్చోమన్నాడు. ఈరప్ప విషయం చెప్పాడు. కుళ్ళాయప్ప లోపలికి పోయి పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. పెట్టి, ఉన్నట్టుండి రాజు పద్యం ఒకటి ఎత్తుకున్నాడు. ఒక్క తడబాటు లేదు. కోడళ్ళు పని ఆపి చూశారు. పాడటం అయిపోగానే మళ్ళీ అదే మనిషి. "ఓ... ఓ... ఓబుళేసు," అని ఆకాశం వైపు చూపించాడు. నేను తల వంచుకున్నాను.

సంఘం గదిలో పదకొండు మంది కూర్చున్నారు. ఆడమనిషిని నేనొక్కతెను. మిద్దె కింద అచ్చు యంత్రం ఆడుతుంటే గచ్చు అదురుతోంది. ముత్యాలప్ప గారు మెత్తటి మనిషి, కళ్ళద్దాలు దారంతో కట్టుకున్నారు. పెద్ద నోటుబుక్కు తెరిచి, "రాసినాయన పేరు చెప్పమ్మా," అన్నారు.

నాకు నోరు రాలేదు. ఇరవై ఏండ్లలో ఆయన పేరు నేను పలకలేదు. మాలో ఎవరూ పలకరు. అందరికీ తెలుసు, అయినా అందరూ ఎదురు చూశారు.

"రికార్డులో మీరు చెప్పినట్టే ఉండల్ల తల్లీ. అందుకని," అన్నారు ముత్యాలప్ప గారు.

"కాగితం ఇటివ్వండి," అన్నాను.

పలకకూడదని చెప్పారు గాని రాయకూడదని నాకెవరూ చెప్పలేదు. నోటుబుక్కు తిప్పుకుని, ఆయన పాళీ పట్టుకున్నట్టే పట్టుకుని, పేరు రాశాను. పెద్ద పెద్ద అక్షరాలు, గీత దాటిపోయాయి. అక్కడున్నవాళ్ళు ఎవరూ నవ్వలేదు.

పుస్తకాలు బల్ల మీద పరిచాం. చేతిరాత సరిపోయింది. కానీ ఆ షాపాయన తాను 1960లో రాశానని, ఈ చేతిరాత పుస్తకాలు అచ్చయ్యాక చూసి రాసుకున్నవని అంటాడని ఒకరన్నారు. ముత్యాలప్ప గారు ఒక పుస్తకం తిరగేసి, అట్ట చూసి, మరొకటి తీసి చూసి, కళ్ళద్దాలు సవరించుకున్నారు.

"ఈ అట్టలు ఎవరేసినారమ్మా?"

"నేనే. పాత క్యాలెండరు. కొనలేక."

"ఇది 53 జూలై. ఇది 55. ఇది 57 మార్చి. ఊరికొక ఏడు. అప్పా, చూడండి. కుట్టు కూడా ఒకటే." ఆయన నవ్వారు. "పోలీసోడు కూడా ఇంత బాగా తేదీలు రాయడు."

పాత క్యాలెండరు తరువాతైనా వేయొచ్చు గదా అని ఆ ఒకరే మళ్ళీ అన్నారు. అప్పుడు ఈరప్ప లేచాడు. గడప దగ్గర కూర్చున్న మనిషి లోపలికి వచ్చాడు.

"అయ్యా, ఆ పచ్చ పుస్తకం తీయండి. రాజుకు ఒక్క వచనం ఉండాదేమో చూడండి. మంత్రి దగ్గర నీళ్ళడిగేది కూడా పద్యంలోనే. ఆ షాపాయప్పను అడగండి, ఎందుకప్పా నీ రాజు వచనం మాట్లాడడు అని. ఆయప్పకు తెలియదు. మాకు తెలుసు. కుళ్ళాయప్పకు నత్తి."

అప్పుడు అందరూ నవ్వారు. చాలాసేపు నవ్వారు. నేనూ నవ్వి, నవ్వుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అట్లాగే ఉండిపోయాను.

నాలుగో జాబు పోయింది. దానికీ బదులు రాలేదు. కోర్టుకు పోవాలంటే ఏండ్లు పడుతుంది, అంతదాకా సంఘం ఇంకో పని చేస్తుందని ముత్యాలప్ప గారు చెప్పారు. శివరాత్రి నుంచి ఉగాది దాకా ఊరూరా నాటకాలు. ఆ షాపుకు కొత్త నాటకాలు ఇచ్చేది సంఘం వాళ్ళే. అచ్చు అట్ట మీద ఈయన పేరు పడేదాకా పదకొండు మందిలో ఎవరూ ఆ షాపుకు ఒక్క కాగితం ఇవ్వకూడదు. బయ్యన్న అనే పెద్దాయన పుస్తకం అప్పటికే ఆ షాపులో అచ్చుకు పోయి సగం అయింది. ఆయనకు అదే మొదటి పుస్తకం, డెబ్బై ఏండ్ల వయసు.

"నువ్వు ఇవ్వచ్చులే బయ్యన్నా, ముందే ఇచ్చినదే గదా," అన్నారు ముత్యాలప్ప గారు.

"వెనక్కి తెచ్చుకుంటా," అన్నాడాయన. "ఇయ్యాల ఆయప్ప పేరు లేకుండా అచ్చేసినోడు రేపు నా పేరు మాత్రం ఉంచుతాడా? నేను సచ్చినాక నా పెండ్లాం ఊరూరా తిరగల్లనా?"

ముత్యాలప్ప గారు నా వైపు తిరిగి, "సంఘం ఒక్కొక్కరి కోసం పోట్లాడేదానికి కాదమ్మా. ఎవరూ ఒంటిగా పోట్లాడకుండా ఉండేదానికి," అన్నారు. ఆ మాట విన్నప్పుడు ఈయన ఒంటిగా చాప మీద కాగితాలు సర్దుతూ కూర్చున్న ఏడాది నా కళ్ళ ముందు తిరిగింది. ఆయన ఈ గదిలో ఇంకో నాలుగుసార్లు కూర్చుని ఉంటే బాగుండేది.

శివరాత్రి పోయింది. ఉగాది పోయింది. బయ్యన్న పుస్తకం లేకుండానే ఉగాది చేసుకున్నాడని ఈరప్ప చెప్పాడు. నాటకాలవాళ్ళు కొత్తవి దొరక్క వేరే ఊరి షాపుకు పోయారు. చైత్రం చివర్లో షాపాయన దిగివచ్చాడు. చివరి పేజీలో, మంగళం కింద, చిన్నక్షరాలతో ఈయన పేరు వేస్తానన్నాడు. సంఘం ఒప్పుకోవాలంటే నేను సరే అనాలి. ముత్యాలప్ప గారు కార్డు రాసి అడిగారు. బదులు రాయడానికి నాకు సిరా కావాల్సి వచ్చింది. ఎండిన బుడ్డిలో నీళ్ళు పోసి తిప్పితే నీలం తేలింది. ఆయన మిగిల్చినదే. దానితోనే రాశాను. మొదటి పేజీ. పెద్దక్షరాలు. లోపల, ఇంతకు ముందు పొరపాటుగా వేరే పేరు పడిందని ఒక మాట. ఇవి కాక ఇంకేమీ వద్దు. మంగళంలో మాత్రం వేయవద్దు, అది ఊళ్ళది.

జ్యేష్ఠంలో తపాలాలో వచ్చింది. అదే పచ్చ అట్ట. పైన హగరి కల్యాణం, కింద రచన, దాని కింద ఆయన పేరు. లోపలి మాట కూడా ఉంది. సిద్దమ్మక్క గోడ మీద నుంచి చూసి ఇవతలికి వచ్చింది.

"వచ్చినాదా? ఏముండాది, చదువు."

"నేను చదవకూడదు గదక్కా."

"అవును గదా. నాకు రాదు." ఇద్దరం గడప మీద కూర్చున్నాం. పొద్దు ఎక్కుతోంది. వీధిలో చదువు వచ్చినవాళ్ళెవరూ పోలేదు. పేరు అచ్చులో ఉంది, ఇంట్లో దాన్ని పలికే నోరు లేదు. "యాడుండాది?" అంది అక్క. వేలు పెట్టి చూపించాను. ఆమె నా వేలు తీసేసి తన వేలు పెట్టింది. రోజూ గోడ మీద నుంచి కేకేసినట్టే, "ఓబుళేసూ, మేక మీ దొడ్లోకొచ్చినాది, సూడు," అంది.

అక్క కాసేపు కూర్చుని, పొయ్యి మీద ఎసరుందని లేచిపోయింది.

పుస్తకాలన్నీ ఇచ్చినవాళ్ళకు తిరిగి చేర్చాను. కుళ్ళాయప్పకు పచ్చ పుస్తకం ఒకటి అదనంగా ఇచ్చాను. గుమ్మఘట్ట దిక్కున ఆ ఊరివాళ్ళు, సంతలో ఆ మాట అడిగినవాళ్ళే, పుస్తకం చూసి ఏమీ అనలేదట. ఈ ఏడు మళ్ళీ హగరి కల్యాణం ఆడతామని మాత్రం చెప్పి పంపారు.

నిన్న బండెడు చౌడు తోలించాను. ఈరప్ప, ఇంకొక కూలిమనిషి పైకి ఎక్కారు. నేను కింద నుంచి గంపలు అందించాను. పడమటి వైపు, వంటింటి మీద, నడిమింటి మీద పరిచి తొక్కారు. తూర్పు మూల మిగిలింది. కింద చౌడు ఇంకా నాలుగు గంపలకుంది.

"అందీయి వదినా, ఈ మూల ఒకటే."

"చాలు, దిగండి."

"ఈ మూల ఇడిసిపెడితే కారుతాది. కింద అన్న కూర్చునే చోటే."

"తెలుసు ఈరప్పా. పుస్తకం మీద పేరు పడినాది గదా, వానకూ చోటు ఉండల్ల. కాగితాలు పెట్టెలో పెట్టినాను. దిగండి."

సిద్దమ్మక్క గోడ మీద నుంచి చూస్తోంది. మిగిలిన చౌడును గోడ పక్కకు నెట్టి, చేతులు కడుక్కున్నాను. లోపల ఆ మూల చాప తీయలేదు. పైన మట్టి పగుళ్ళలోంచి సన్నగా వెలుగు దిగుతోంది. ఆకాశంలో ఇంకా మబ్బు లేదు.